మళ్లీ అడగమన్న దేవుడు

సెలవులకు వాట్‌ఫర్డ్ నుంచి తైవాన్ వెళ్లినప్పుడు, అక్కడి పాతకాలపు జనజీవనాన్ని చూపే ఒక సాంస్కృతిక ఉద్యానానికి అమ్మాయీ నేనూ వెళ్లాం. ఎర్ర ఇటుకల ఇళ్లు, బుట్టలల్లేవాళ్లు, తోలుబొమ్మల బదులు చేతికి తొడుక్కునే చెక్కబొమ్మలు. చేతిపనికి ఇంత గౌరవమిచ్చే జనాన్ని చూసి ముచ్చటేసింది. అమ్మాయి మాత్రం వడ్రంగి కొట్టు దగ్గరే నిలబడిపోయింది. డెంటల్ కోర్సు మానేసి చెక్కపని నేర్చుకుంటానని కొన్ని నెలలుగా అంటోంది. నేను ఔననలేదు, కాదనలేదు.

చివర్లో ఒక గుడి ఉంది. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉండే నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు నేలమీద వేసి, ఔనా కాదా అని అక్కడ దేవుణ్ణి అడుగుతారు.

"సోది చెప్పించుకోవడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నాను.

"చిల్, అమ్మా!" అంటూనే, కోర్సు మానెయ్యనా అని ఇంగ్లిష్‌లో అడిగి వేసేసింది. రెండు చెక్కలూ చదునువైపు పైకి పడ్డాయి.

పక్కనున్న పెద్దావిడ నవ్వింది. "దేవుడు నవ్వాడు. ప్రశ్న సరిగా లేదట, మార్చి అడుగు" అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది.

దేవుళ్లతో ఎన్నో ఏళ్లుగా పోట్లాడుతున్నాను గానీ, ముందు ప్రశ్నను సరిచేసుకోమనే దేవుణ్ణి ఎక్కడా చూడలేదు. మా హేతువాదుల చర్చావేదికలు నాకు నేర్పిందీ అదే. ఆ ఆచారం కనిపెట్టిన మనుషులకు మనసులోనే దణ్ణం పెట్టాను.

అమ్మాయి చెక్కలు తీసి పక్కన పెట్టి, నావైపు తిరిగింది. ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే బదులిచ్చే పిల్ల తెలుగులో అడిగింది: "నేను మానేస్తే, నువ్వు నాతో మాట్లాడ్డం మానేస్తావా?"

దీనికి దేవుడు అక్కర్లేదు.

"మానను. పోట్లాడతాను."

"అది రోజూ ఉండేదేగా!" అని మళ్లీ వడ్రంగి కొట్టువైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.