పెద్దది రాదన్న మైకు

మా మావయ్యను ఊళ్ళో ఇప్పటికీ ‘రాదుగారు’ అంటారు. ఎదురుగా అనరులెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఆయన కొట్టుకి వచ్చి చక్కెర కొనుక్కుని అటు తిరిగాక అంటారు. అలా అనే నోళ్ళున్న మనుషులంతా ఒకప్పుడు ఆయన మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్ళే. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుంది. ఆయన మీద నాకంటే ఎక్కువ కోపం ఉండాల్సిన మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు కనుక, ఆయన కథ నేను చెబితే వెనకేసుకొస్తోందని ఎవరూ అనలేరు.

మావయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన పని మైకులో చెప్పడం. ఒక ఆటో, దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు, చేతిలో మైకు. రేపు కుళాయి నీళ్ళు రావనీ, కొత్త బట్టల కొట్టు తెరిచారనీ, ఫలానా వీధిలో ఫలానా పెద్దాయన పోయారనీ, ఎవరిదో పిల్లి తప్పిపోయిందనీ, ఏ కబురైనా ఊరికి ఆయన గొంతులోంచే వెళ్ళాలి. ఏం గొంతండీ అది! “మీ తమ్ముడు చావు కబురు చెప్పినా పోయి రెండు కొనుక్కురావాలనిపిస్తుందే” అని మా నాన్న బతికున్నన్నాళ్ళూ అమ్మను ఆటపట్టించేవాడు.

ఆ పనికి ఆయన సొంతంగా పెట్టుకున్న లెక్క ఒకటుంది. బండి ఒక గుమ్మం దాటేలోపు మాట పూర్తయిపోవాలి. ఇంట్లో పోపు వేసుకుంటున్న మనిషి చెవిన పడేది ఒక్క వాక్యమే. దానికి తల ఉండాలి, తోక ఉండాలి, మధ్యలో నసుగుడు ఉండకూడదు. “రేపు మరమ్మతుల కారణంగా నీటి సరఫరాలో అంతరాయం కలిగే అవకాశం ఉన్నది” అని మున్సిపల్ ఆఫీసువాళ్ళు చెబితే, మావయ్య “రేపు నీళ్ళు రావు, ఇవాళే పట్టుకోండి” అనేవాడు. చిన్నప్పుడు నేను బండిలో పక్కన కూర్చుని, “వస్తాయేమో మావయ్యా, అవకాశం అన్నారుగా” అంటే నవ్వేవాడు.

“ఒసేయ్ పిచ్చిమొద్దూ, ‘ఏమో’ అన్న మాట మైకులో నిలవదే. గాల్లోనే రాలిపోతుంది” అనేవాడు.

అది గొప్ప పనితనమని ఊరంతా మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం. మమ్మల్ని ముంచింది అదే.

ఆ ఏడాది ఎండలు ముదురుతుండగా నేల కదలడం మొదలైంది. మొదట కింద నుంచి బరువు లారీ ఏదో వెళ్తున్నట్టు చప్పుడు, ఆ వెంటనే అలమరలో గిన్నెలు గలగల. ఓ నిమిషం అందరం మొహాలు చూసుకుని నవ్వేశాం. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజుకు నాలుగైదుసార్లు. బావుల్లో నీళ్ళు బురదగా మారాయి. గోడలు బీటలిచ్చాయి. దాంతో జనం దుప్పట్లు, గిన్నెలు, ముసలివాళ్ళను మోసుకుని బడి మైదానంలోకి చేరారు.

మా ఇల్లున్న వీధి ఒకప్పుడు పల్లం. చెత్త, మట్టి పోసి పూడ్చి, దాని మీద మట్టి అడుసుతో ఇటుకలు పేర్చి కట్టిన ఇళ్ళు. పైన బరువైన బండల కప్పు. అమ్మ ఆ ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. భయమంటే మా అమ్మదే భయం. మైదానంలోకి అందరికంటే ముందు పోయింది ఆవిడే. మిషన్ కూడా లాక్కొచ్చి వేపచెట్టు కింద వేసుకుంది. “ఎవరేమన్నా సరే, నేను లోపలికి రాను. ఆ బండలు నా నెత్తి మీదే చూస్తున్నాయి” అని భీష్మించుకు కూర్చుంది.

ఇంతలో భూకంపాల కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. రకరకాల పెట్టెలు తెచ్చి నేలలో పాతింది కనుక అందరం పెట్టెల మేడం అన్నాం. జనం చుట్టూ మూగి ఒకటే ప్రశ్న: పెద్దది వస్తుందా, రాదా?

“మీ ఇంట్లో బరువైన బీరువాను ఎప్పుడైనా నెట్టారా?” అని అడిగింది ఆవిడ. “ఎంత నెట్టినా కదలదు. కదలదు, కదలదు, ఉన్నట్టుండి ఒక్కసారిగా జరుగుతుంది. అవునా? భూమి లోపల రాతి పలకలు కూడా అలాగే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. పట్టు విడిచినప్పుడు మనకు కుదుపు. బీరువా ఏ క్షణాన జరుగుతుందో ముందే చెప్పగలరా? నేనూ చెప్పలేను. ఈ చిన్నవాటితోనే ఆగిపోవచ్చు. చాలాసార్లు అలాగే ఆగుతుంది. లేదా వీటి వెనక పెద్దది ఉండొచ్చు. అది వచ్చాక గానీ తెలియదు.”

“ఇంత చదివి, ఇన్ని పెట్టెలు మోసుకొచ్చి, చివరికి తెలీదనా చెప్పేది?” అన్నాడు వెనక నుంచి ఒక బట్టల కొట్టాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. “తెలిసింది ఒకటుంది, వినండి. పూడ్చిన నేల గట్టి నేలకంటే ఎక్కువగా ఊగుతుంది. ఆ వీధిలో మట్టి గోడల ఇళ్ళు తట్టుకోలేవు. ఎవరైనా వచ్చి చూసి బాగుందనే దాకా వాటిలో ఉండొద్దు” అంది. ఆ మాట ఎవరికి ఎక్కింది? అడిగిన ప్రశ్నకు జవాబు కాదుగా అది. జనం అప్పటికే దుప్పట్లు దులుపుకుంటూ చెదిరిపోయారు.

మైదానంలో నాలుగు రోజులయ్యేసరికి కంపు మొదలైంది. మరుగుదొడ్లు రెండే. పిల్లలకు విరేచనాలు. కొట్లన్నీ మూతపడ్డాయి, కొట్లవాళ్ళు ఆఫీసు మీద పడ్డారు. అప్పుడు ఆఫీసరు మావయ్యను పిలిపించాడు. ఆ గదిలో ఏం జరిగిందో మావయ్య నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు, అందుకే నమ్ముతాను.

“పెద్దది వస్తుందనడానికి ఆధారమేమీ లేదని మేడమే చెప్పారు. జనాన్ని ఇళ్ళకు పొమ్మను” అన్నాడు ఆఫీసరు.

“అంటే రాదనేనా సార్?”

“మాటలు కూడా నీకు నేనే నేర్పాలా? ఎలా చెబితే వింటారో నీకు తెలుసుగా. పో, బండి తియ్.”

కాగితం లేదు, కలం లేదు. మావయ్య బండి తీశాడు. గుమ్మం దాటేలోపు పూర్తవ్వాల్సిన మాట ఏమిటో ఆయనకు ఆలోచించక్కర్లేదు. “పెద్దది రాదు. నిశ్చింతగా ఇళ్ళకు వెళ్ళండి.” అంతే. అంత కమ్మగా, అంత స్పష్టంగా. మైదానం చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి సగం మంది మూటలు కట్టేశారు.

మా అమ్మ కదల్లేదు. లేచి బండి దగ్గరకు వెళ్ళి, మావయ్య చెయ్యి పట్టుకుంది.

“ఒరేయ్, ఆ మైకు పక్కన పెట్టి చెప్పరా. నిజంగా రాదా?”

చుట్టూ జనం చూస్తున్నారు. వాళ్ళందరికీ ఇప్పుడే రాదని చెప్పిన మనిషి, సొంత అక్కతో ‘ఏమో’ అంటాడా? మైకు పక్కన పెట్టాడు గానీ గొంతు మార్చలేదు.

“రాదక్కా. నేను చెబుతున్నానుగా” అన్నాడు.

“వాడు చెప్పాడుగా” అంది అమ్మ నాతో. మేమిద్దరం మిషన్‌ను చెరో పక్కా పట్టుకుని ఇంటికి మోశాం. దారంతా ఆవిడ మొహం ఎంత తేటగా ఉందో! మిషన్ గడప దాటిస్తుంటే నా వేలు నలిగి కేక పెడితే, “దీనికే భూకంపం వచ్చినట్టు అరుస్తావేంటే” అని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నేను పనిచేసే మందుల షాపు గుట్ట పక్క రాతి నేల మీద ఉంది. సీసాలన్నీ రాలి పగిలాయి, గోడ ఒకటి చీలింది, మేమంతా రోడ్డు మీదకు ఉరికాం. ప్రాణాలకేం కాలేదు. అదే ఊరు, అదే కుదుపు, కానీ మా వీధికి పరిగెత్తుకొచ్చేసరికి వీధే లేదు. ఎర్రటి దుమ్ము, దాని అడుగున కప్పుబండలు ఒకదాని మీద ఒకటి. ఎవరి ఇల్లు ఎక్కడ మొదలైందో చెప్పలేం.

మావయ్య నాకంటే ముందే వచ్చాడు. ఆటో అడ్డంగా ఆపి, మైకు పట్టుకుని, “అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి” అన్నాడు. ఆశ్చర్యం, ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆగారు. ఆ గొంతు మాట జనం అప్పటికీ వింటూనే ఉన్నారు. “అక్కా! వినబడుతోందా? వినబడితే దేన్నయినా కొట్టు.”

కొట్టింది. సన్నగా, ఇనుము మీద ఇనుము. ఆవిడ చేతిలో కత్తెర ఉండి ఉంటుంది, మిషన్ కాలికేసి కొట్టింది. మేం చేతులతో, పళ్ళేలతో తవ్వాం. మావయ్య తవ్వుతూ అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ కొడుతూనే ఉంది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటుండగా మళ్ళీ నేల కదిలింది. పెద్దదాని వెనక వచ్చే చిన్నవాటిలో ఒకటి. పేర్చుకున్న బండలు ఒక్కసారి కిందికి జారి సర్దుకున్నాయి. తర్వాత మావయ్య ఎంత పిలిచినా చప్పుడు రాలేదు. మైకులో ఆ పిలుపు ఊరంతా వినబడింది.

అమ్మను బయటికి తీశాక నేను మావయ్యను కొట్టాను. చెంప మీద, వీపు మీద, చెయ్యి నొప్పెట్టే దాకా. “రాదన్నావుగా! రాదన్నావుగా!” ఎవరూ ఆపలేదు. ఆయనా ఆపలేదు.

విచారణ జరిగింది. ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, “ఆధారం లేదని చెప్పమన్నాం. రాదని మేమెక్కడ చెప్పమన్నాం? అది అతని సొంత పైత్యం” అన్నాడు. అక్షరాలా నిజమే చెప్పాడు దొంగ సచ్చినాడు! పెట్టెల మేడం లేచి, పూడ్చిన నేల గురించి తాను చెప్పింది ఎందుకు చాటించలేదని అడిగింది. అది ఇక్కడి విషయం కాదన్నారు. ఆఫీసరు ఇంకా మంచి ఊరికి బదిలీ అయ్యాడు. అంతమంది చావుకూ ఊరికి దొరికింది ఒక్క గొంతు. ఆ గొంతుకే ‘రాదుగారు’ అని పేరు పెట్టుకుని, మనసు చల్లబరుచుకున్నారు.

మావయ్య లౌడ్‌స్పీకర్లు పీకేసి, ఆటోలో సిమెంటు బస్తాలు వేయడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ ఆయన నోట గట్టి మాట అంటూ రాదు. వాన పడేలా ఉందా అంటే “తెలీదు.” ఆ దుకాణం తీసి ఉందా అంటే “నేను చూసినప్పుడు తీసి ఉంది.” ఒకసారి, “భోంచేశావా మావయ్యా?” అని అడిగితే ఆలోచించి, “తిన్నట్టే ఉందే” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, “తిన్నావో లేదో కూడా చెప్పలేవా నువ్వు?” అని కసిరాను. చాలా ఏళ్ళు నేను ఆయనతో మాట్లాడింది కసరడం కోసమే. మానేద్దామంటే అమ్మ తరఫున మిగిలింది ఆయనొక్కడే.

పోయిన నెల మళ్ళీ నేల కదిలింది. సాయంత్రం గిన్నెలు గలగలమన్నాయి, ఓ గంటకి ఇంకోసారి. నేనుండేది ఇప్పుడు అద్దె ఇంట్లో, మూడో అంతస్తు. మా ఆయన పనిమీద పొరుగూరిలో ఉన్నాడు. రెండేళ్ళ పాపను చంకన వేసుకుని మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చాను. అందరూ అక్కడే ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఒకడి ఫోనులో గురువారం పొద్దున ఊరు మునుగుతుందట. ఇంకొకడి ఫోనులో చంద్రుడి వల్లట. మావయ్య ఆటో వేసుకుని నా కోసం వచ్చాడు. ఆయన దిగడమే తడవు, వెనక ‘రాదుగారు’ అనే మహానుభావులందరూ చుట్టూ చేరారు.

“ఏమంటావు? పెద్దది వస్తుందంటావా?”

“తెలీదు. ఎవరికీ తెలీదు” అన్నాడు మావయ్య. “పల్లపు వీధిలో మళ్ళీ పాత గోడల మీదే కట్టుకున్నవాళ్ళు మాత్రం లోపలికి పోకండి. అదొక్కటే తెలుసు.”

“తెలీనప్పుడు నోరెందుకు తెరవడం?” అన్నాడు ఆ బట్టల కొట్టాయనే. ముసలివాడయ్యాడు గానీ నోరు మాత్రం అలాగే ఉంది. అంతలో ఎవడో కుర్రాడు ఫోను పైకెత్తి, “ఇదుగో, పెద్ద ప్రమాదమేమీ లేదట, ఇళ్ళకు వెళ్ళొచ్చట!” అని అరిచాడు. ఎవరు చెప్పారని అడిగిన మనిషి లేడు. ఒక్కొక్కరే లేచారు. పల్లపు వీధివాళ్ళు కూడా చాపలు చుట్టుకుని వెళ్ళిపోతుంటే, మావయ్య వాళ్ళ వెంట నాలుగడుగులు వేసి, చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశాడు.

రోడ్డు మీద మేం ముగ్గురం మిగిలాం. పాప నిద్రకు ఏడుపు మొదలుపెట్టింది. దోమలు. పైన మా ఇంట్లో మెత్తటి పరుపు.

“మావయ్యా, ఇది గట్టి నేలే కదా. ఇల్లు కూడా పిల్లర్ల మీద కట్టిందే. పైకి వెళ్ళనా?”

ఆయన ఇంటి వైపు చూశాడు. పాప వైపు చూశాడు.

“తెలీదు తల్లీ.”

ఒళ్ళు మండిపోయింది నాకు. “ఎప్పుడూ తెలీదు, తెలీదు! పసిదాన్ని వేసుకుని ఎంతసేపు కూర్చోను? రాదని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?”

అనేశాక గానీ నా మాట నాకు వినబడలేదు. ఇన్నేళ్ళుగా ఏ మాటకు ఆయన్ని ఉతికి ఆరేశానో, అదే మాట ఆయన నోటినుంచి రమ్మని బతిమాలుకుంటున్నాను.

మావయ్య కోప్పడలేదు. ఆటో వెనక సీటు దులిపి, దుప్పటి పరిచి, నా చేతుల్లోంచి పాపను తీసుకుని పడుకోబెట్టాడు.

“మీ అమ్మా ఇలాగే అడిగింది” అన్నాడు.

నేను పైకి వెళ్ళలేదు. పాప కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చున్నాను. ఆయన రోడ్డు మీద కూర్చుని, మాకు దోమలు కుట్టకుండా అట్టముక్కతో విసురుతూ ఉన్నాడు.