పాటల సారు విగ్రహానికి మా తాత మొకం

పాటల సారును ఎవలన్న కోపిష్టి కవి అంటే నలభై ఏండ్ల సంది నాకు కడుపు మండుతది. నాచారంల మా గల్లీ దోస్తులారా, సారు యాదికున్నడా? మనకు పాట చెప్పుకుంట నడిమిట్ల తనే నవ్వెటోడు.

సారు సచ్చిపోయినంక ఆయన పాటలు పుస్తకం ఏసిన్రు. అట్ట మీదికి సారు ఒక్కని ఫోటో దొరకలే. అచ్చుకు బొమ్మలు చెక్కేది మా నాయిన. పంటినొప్పితోటి మూల్గుతున్న మా తాతను ముంగట కూసోవెట్టి, ఆ మొకమే చెక్క మీద చెక్కిండు. పక్కన కూసొని పొట్టు ఊదింది నేనే. ఆ సిరా వాసన ఇంక నా ముక్కుల ఉన్నది.

పుస్తకం జూసి సారు భార్య ఏడ్సింది. "అన్నా, గీయన ఎవలు? మా ఆయన నన్ను ఒక్కనాడు గుర్రుగ జూడలే."

"గిట్లుంటేనే కవి లెక్క కనవడ్తడు చెల్లె," అన్నడు నాయిన.

అట్లనే అయింది. సారు జోలపాటలు అందరు మర్సిపోయిన్రు. కోపంతోటి రాసిన రెండు పాటలే మిగిలినయ్.

నిన్న ఉప్పల్ల సారు విగ్రహానికి జేసిన మట్టిబొమ్మ జూసిన. మా తాతే! దవడ బిగవట్టి నిలవడ్డడు. ఇది సారు కాదని బొమ్మ జేసెటోల్లకు చెప్తే, "పుస్తకంల గట్లనే ఉన్నది పెద్దమనిషీ" అని నవ్విన్రు. సోమవారం పోత పోస్తరట. నాకు బుగులైతున్నది.

మీ ఇండ్లల్ల పాత పెండ్లి ఫోటోలు తియ్యుండ్రి. గుంపుల సారు నవ్వుకుంట ఉన్నడా, లేడా? ఆదివారం పొద్దుమీకే లోపల నాకు జవాబు గావాలె.