పుక్కిలించనన్న మొండక్క

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఉడకేస్తున్న ఆవిడను అందరూ మొండక్క అనేవారు. కంటికి కనిపించని క్రిమైనా సరే, దాని అంతు చూస్తేగాని ఆమెకు నిద్రపట్టేది కాదు. ఆ పంతం చివరికి నోటిదాకా వచ్చింది. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి నెత్తురు పడటం మొదలయ్యాక, ఘాటైన మౌత్‌వాష్ తెచ్చుకుని రోజుకు నాలుగుసార్లు పుక్కిలించింది. నోరు మండిపోయింది, కూరలో ఉప్పుందో లేదో తెలియకుండా పోయింది, నెత్తురు మాత్రం ఆగలేదు. ఉన్న పళ్ళన్నీ పీకించేసి కట్టుడుపళ్ళు పెట్టించుకోమని చెల్లెలు సలహా ఇస్తే, ముందు నీ నాలుక పీకించుకోవే అని కసిరింది.

చివరికి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పళ్ళకు పట్టిన గార తీసి, అందులో కాస్త మైక్రోస్కోపు కింద పెట్టి, తెర మీద చూపించింది. అక్కడ లుకలుకలాడుతున్న వాటిని చూసి మొండక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇవన్నీ నా నోట్లోవేనా? ముందు వీటిని చంపెయ్యమ్మా."

"అన్నీ చెడ్డవి కాదండీ, చాలావరకు మనవే. పంటి మొదట్లో చోటు ఖాళీ లేకుండా కూర్చుని, చిగుళ్ళను పాడుచేసే వాటిని స్థిరపడనివ్వవు. మీరేమో రోజుకు నాలుగుసార్లు దొంగలతోపాటు కాపలావాళ్ళని కూడా చంపుతున్నారు."

మౌత్‌వాష్ సీసా పక్కన పెట్టి, మెత్తటి బ్రష్షుతో తోముకుని, పళ్ళ సందుల్లో దారంతో శుభ్రం చేసుకోమంది. బతుకంతా క్రిముల్ని చంపిన మనిషిని వాటిని పెంచుకోమంటుందా అని మొండక్క మూడు రోజులు రుసరుసలాడింది. నాలుగోనాడు సీసా పారబోసింది. నెలన్నర తిరిగేసరికి నెత్తురు ఆగింది, నాలుకకు రుచీ తెలిసింది.

సరిగ్గా అప్పుడే లాండ్రీలో నలుగురికి జలుబు చేసింది. పనిలోకి దిగే ముందు అందరూ తన ఎదుటే మౌత్‌వాష్‌తో పుక్కిలించాలని సూపర్‌వైజరు రూలు పెట్టాడు. వరసగా అందరూ పుక్కిలించారు. మొండక్క తన గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నేను పుక్కిలించను సార్."

"రూలు అందరికీ ఒకటే."

"దుప్పట్లో క్రిమి ఉందంటే చెప్పండి, అది చచ్చేదాకా ఉడకేస్తాను. జలుబు చేస్తే మూతికి గుడ్డ కట్టుకుంటాను. నా నోరు మాత్రం ఆస్పత్రి సామాను కాదు. నా చిగుళ్ళను కాచేవాళ్ళు అందులో ఉన్నారు, వాళ్ళ జోలికి మిమ్మల్ని రానివ్వను."

ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు మొహం కందగడ్డ అయింది. ఇంటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్ళకుండా ఆఫీసు గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. దుప్పట్లు ఉడకేసే పాత బాయిలరును దారికి తేవడం ఆమె ఒక్కదానికే తెలుసు. మధ్యాహ్నానికి మాసిన దుప్పట్లు కిటికీ ఎత్తుకు పెరిగాయి. వార్డులకు ఉతికిన దుప్పటి ఒక్కటీ రాలేదేమని పెద్ద నర్సు దిగివచ్చి, సంగతంతా విని, పళ్ళ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. డాక్టరు వాడమన్నవాళ్ళు వాడాలిగాని, అందరిచేతా రోజూ బలవంతాన పుక్కిలింపించడం మంచిది కాదని ఆవిడ తేల్చేసింది. సాయంత్రానికి రూలు కాగితం గోడ మీంచి దిగిపోయింది.

మొండక్క నోట్లో ఒక దవడపన్ను మాత్రం అప్పటికే చెయ్యిదాటిపోవడంతో తీసెయ్యక తప్పలేదు. కుర్చీలో కూర్చునే ముందు ఆమె డాక్టరమ్మతో అరగంట వాదించి, మిగతావాటి జోలికి రానని మాట తీసుకుంది.