పొలమారని నీళ్లు

జ్వరంతో ఆసుపత్రికి బయల్దేరుతూ కండక్టరు చేసిన ఆఖరి మామూలు పని, చెల్లెలి చెప్పుకి పిన్నీసు పెట్టడం. గుమ్మం దగ్గర పట్టీ ఊడిందని ఆవిడ విసుక్కుంటుంటే, బనీనుకి గుచ్చుకున్న పిన్నీసు తీసి, చెప్పుని మోకాలితో అదిమిపట్టి, పక్షవాతం తగలని మంచి చేత్తో బిగించాడు.

"నడు. బండి లేటైతే జనం తిట్టేది నన్ను, నిన్ను కాదు" అన్నాడు. ఆటో ఎక్కాక మరి మాట్లాడలేదు.

పక్షవాతం వచ్చేదాకా ఆయన నోరు మూతపడగా ఎవరూ చూడలేదు. బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఆయన గొంతే. తిండి కూడా రెండు ట్రిప్పుల మధ్య నిలబడే కానిచ్చేవాడు. నమలడం మనకి రాసిపెట్టలేదు, మింగడమే అనేవాడు. అలాంటి మనిషికి ఆ మింగడమే పోయింది. కాలు కాస్త తేరుకుంది, మాట తేరుకుంది, గొంతు మాత్రం మొండికేసింది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. పాలైనా మందైనా అందులోంచే. పెళ్లి చేసుకోలేదు గనక సిరంజి పట్టేది చెల్లెలే.

"పెట్రోలు కొట్టినట్టు కొడుతున్నావు. మీటరు చూసుకోవే" అనేవాడు.

ఆ ఆసుపత్రిలో మింగలేనివాళ్ల మీద ఒక పరిశోధన జరుగుతోంది. నాలుకకీ గొంతుకీ కసరత్తులు చేయిస్తే మింగడం త్వరగా తిరిగొస్తుందా అని చూస్తున్నారు. చివర్లో ఎక్స్‌రే కింద మింగించి, అంతా సరైన దారిన దిగితే గొట్టం తీసేస్తామన్నారు. ఆయనకి ఆ ఒక్క మాటే వినబడింది. చెల్లెలి వైపైనా చూడకుండా తలూపాడు.

కసరత్తులు చేయించే డాక్టరమ్మది కూతురి వయసు. ఆయన గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, "గడ్డం కిందికి దించి మింగండి. ఇప్పుడు ఆ అనండి" అనేది. పొడి కలిపి చిక్కబరిచిన నీళ్లు చెంచాతో ఇచ్చేది. మొదట్లో ప్రతి చెంచాకీ పొలమారేది. దగ్గీ దగ్గీ మొహం కందగడ్డయ్యేది.

"ఎవరో తలుచుకుంటున్నారు బాబాయ్ గారూ!"

"ఒకరేంటమ్మా, స్టాపులో ఆపకుండా వదిలేసి వెళ్లానే, వాళ్లంతా."

ఇంట్లో నోట్లో చుక్క కూడా పొయ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎండలు ముదిరాయి. గొట్టంలోంచి ఎన్ని నీళ్లు పోసినా కడుపు నిండేదే గాని నోరు తడిసేది కాదు. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే ఆ గుడ్డనే చప్పరించేవాడు. చూడలేక చెల్లెలు మొహం తిప్పుకునేది. తనకి దాహమేస్తే వంటింట్లో దాక్కుని, గుటక చప్పుడు కాకుండా తాగేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఏడ్చేశాడు. "దారినపోయేవాడు అడిగినా పోస్తావు గదే. అన్నయ్యకి పొయ్యడానికి చేతులు రావా?"

ఒక్క చెంచా. పొలమారితే మళ్లీ అడగనని ఒట్టు పెట్టాడు. ఆవిడ మామూలు నీళ్లు పోసి చెవులు రిక్కించింది. దగ్గు లేదు. ఇంకో చెంచా. అయినా లేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పొలమారలేదంటే గొంతు దారికొచ్చినట్టేగా! మర్నాటికి చెంచా పోయి గ్లాసు వచ్చింది. కళ్లు మూసుకుని తాగేవాడు. ఖాళీ అయ్యాక కూడా గ్లాసుని కాసేపు పెదాల దగ్గరే ఉంచుకునేవాడు.

"డాక్టరమ్మకి చెప్పకే. ఎక్స్‌రే రోజు గటగటా తాగేసి అదరగొడదాం."

"ముందు మూతి తుడుచుకో, దొరికిపోతావు" అంది చెల్లెలు. ఇద్దరూ దొంగపిల్లల్లా నవ్వుకున్నారు.

ఎక్స్‌రే రోజు రాకముందే జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరిందన్నారు. చెల్లెలు నీళ్ల సంగతి కక్కేసి డాక్టర్ల కాళ్లావేళ్లా పడింది. "ఒక్కసారి కూడా పొలమారలేదండీ, ఒట్టు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది, నర్సులకీ, ఊడ్చే ఆవిడకీ, లిఫ్టులో ముక్కూమొహం తెలియని మనిషికీ. ఆయనకి మెషీను ఊపిరి పోస్తున్నంతసేపూ అదే మాట. ఆ మెషీను కూడా ఆయన్ని నిలబెట్టలేకపోయింది.

కొన్నాళ్లకి, మిగిలిపోయిన మందులు ఎవరికైనా పనికొస్తాయని పట్టుకుని ఆవిడ కసరత్తుల గదికి వెళ్లింది. డాక్టరమ్మ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. కొందరికి గొంతు లోపల స్పర్శ తగ్గిపోతుందట. మొదట్లో దగ్గినవాళ్లకి కూడా రానురాను ఆ దగ్గు ఆగిపోవచ్చట. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగిపోతున్నా తెలియదట. పొలమారడం ఆగితే నయమైందనుకోకూడదట.

"ఈ మాట ముందే ఎవరైనా చెప్పుంటే..." అంది చెల్లెలు.

డాక్టరమ్మ తల దించుకుంది.

"మొదటిరోజే చెప్పానమ్మా. మీరు మందులకని కిందికెళ్లారు. మీరొచ్చాక మళ్లీ చెబుతానంటే ఆయనే వద్దన్నారు. మా చెల్లి భయపడుతుంది, నేనే మెల్లగా చెప్తాలే, అన్నారు."