డ్రమ్ముల వెనకాల మనిషి

నా చిన్నప్పుడు బెంగాల్‌లోని మా రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో కరెంటు గిటారు మోత వినపడని వీధి లేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎనభైల చివరి సంగతి ఇది. ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళలోని రికార్డుల నుంచి, కాలేజీ కుర్రాళ్ళ పెట్టెల్లోని క్యాసెట్ల నుంచి పాటలు చేతులు మారి మారి మా దాకా వచ్చేవి. అరిగిపోయి గరగరలాడే ఆ క్యాసెట్లలో ఇంగ్లీషు మాటలు నాకు సగం అర్థమయ్యేవి కావు. అయినా ఏ పాటలో గిటారు ఎక్కడ ఆగుతుందో, డ్రమ్ములు ఎక్కడ అందుకుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఏడో తరగతి చదివే రెండు జడల పిల్లకు ఇదేం పిచ్చి అని మా అమ్మ తల పట్టుకునేది.

ఆ పిచ్చి నాకు అంటించింది మా మేనత్త. రైల్వే ఆఫీసులో టైపిస్టు ఆవిడ. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి గుడికి వెళ్ళేది, ఆదివారం సాయంత్రం భుజానికి కెమెరా తగిలించుకుని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకు రాక్ పాటల కచేరీకి వెళ్ళేది. రెండింటికీ అదే నేత చీర, అదే నడక. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు, అన్నా వినే మనిషి కాదు. ఆ ఫొటోలు ఆవిడ ఏ పత్రిక కోసమూ తీయలేదు. పాట నచ్చింది కాబట్టి తీసేది, తీసినవి తన గది గోడకు అంటించుకునేది.

ఆవిడకు నచ్చిన బాండు మా ఊరి కుర్రాళ్ళదే. నలుగురు. ముందు నిలబడి పాడేది మలంచా పేట వైపు నుంచి వచ్చే ఓ బెంగాలీ కుర్రాడు, వాళ్ళ భాషలో అన్న అని మేం దాదా అనేవాళ్ళం. జుట్టు భుజాల దాకా పెంచి, పాడేటప్పుడు తల అటూ ఇటూ విసిరేవాడు. అతనికి చెరో పక్కన గిటార్లు పట్టుకుని ఇద్దరు. వెనకాల చీకట్లో డ్రమ్ములు వాయించేవాడు సుభాష్‌పల్లిలో మా పక్కింటి అన్న. వాళ్ళమ్మకు, అంటే మా పక్కింటి పిన్నికి, ఖరిదా బజారులో పప్పులూ చింతపండూ అమ్మే కొట్టు ఉండేది. అన్నకు ఇంట్లో డ్రమ్ములు ఎక్కడివి, కొట్టులో ఖాళీ అయిన నూనె డబ్బాలు వరసగా బోర్లించి వాటి మీద సాధన చేసేవాడు. పిన్ని వంటింట్లోంచి ఆపమని అరిచేది. అతను ఆపేవాడు కాదు. ఈ అరుపూ ఆ మోతా కలిసి మాకు రోజూ వినపడేవి.

పిన్ని అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి అత్త గది గోడ మీది ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసేది. చూసి ప్రతిసారీ అదే అడిగేది.

"అందరూ ఉన్నారు గానీ మావోడు ఏడమ్మా?"

"అదిగో, పాడే దాదా భుజం వెనక కనిపిస్తన్న మోచెయ్యి మీవాడిదే వదినా," అనేది అత్త.

"మోసెయ్యి సూసి మురిసిపోమంటావేటి," అని పిన్ని మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది.

ఆవిడ అన్నది నిజమే. అన్ని ఫొటోల్లోనూ అన్న ఒక మోచెయ్యి, లేకపోతే ఎత్తిన డ్రమ్ము కర్ర. హాలు వెనక నుంచి పడే పెద్ద లైటు ఒకటే ఉండేది, దానికి అడ్డంగా పాడే దాదా నిలబడేవాడు. ఫ్లాష్ వేద్దామంటే అత్త ఒప్పుకోదు. ఫ్లాష్ వేస్తే పెళ్ళి ఫొటో అవుతుందని ఆవిడ మాట.

అలాంటి రోజుల్లో అన్నకు చక్రధర్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం వచ్చింది. సోమవారం వెళ్ళి చేరాలి. పూట ప్రయాణమే, దూరమేం కాదు. కానీ అక్కడ బాండు లేదు, డ్రమ్ములు లేవు. ఆదివారం కచేరీయే ఆఖరుదని అందరికీ తెలిసిపోయింది. శనివారం సాయంత్రం పిన్ని మా ఇంటికి వచ్చింది. ఈసారి గోడ వైపు చూడలేదు.

"ఆడు వాయిస్తన్నప్పటి ఫొటో ఒక్కటి తీసియ్యండమ్మా. మొకం కనపడాల. రేపు ఆడికి పిల్లలు పుడితే మీ నాన్న ఇలగ వాయించీవోడని నేను సూపించొద్దా?"

స్వయంగా వచ్చి చూడొచ్చు కదా అంది అత్త. ఆదివారం బేరాలు వదిలి ఎలా వస్తానంది పిన్ని. పైగా ఇన్నేళ్ళూ డబ్బాల మోత విన్నది చాలంది. గుమ్మం దాటాక మాత్రం వెనక్కి తిరిగి, మర్చిపోవద్దని మళ్ళీ చెప్పి వెళ్ళింది.

మర్నాడు హాలుకు బయల్దేరుతుంటే అత్త కెమెరా తెచ్చి నా మెడలో వేసింది. ఈసారి నువ్వే తియ్యి అంది. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఫిల్ము వేశావా అని అడిగితే, ముందు పట్టీ సరిగ్గా తగిలించుకో కోడలా అంది. సరదాకి నన్ను అలాగే పిలిచేది. నేను మళ్ళీ అడగలేదు.

హాల్లో స్టేజీకి ఎదురుగా, అత్త ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. పాట మొదలైంది. దాదా తల విసిరాడు, నొక్కాను. మోకాళ్ళ మీద కూలబడ్డాడు, నొక్కాను. గిటారు వాయించేవాడు స్పీకరు పెట్టె మీదికి ఎక్కాడు, నొక్కాను. పాటలన్నీ నాకు కంఠతా వచ్చు కాబట్టి ఏ గంతు ఎప్పుడు వేస్తారో ముందే తెలుసు. ఒక్కటీ వదల్లేదు. ప్రతి పాట చివర్లో ముగ్గురూ జనానికి వీపు పెట్టి వెనక్కి తిరిగేవాళ్ళు. వీపుల ఫొటో ఎవరిక్కావాలని అప్పుడు మాత్రం కెమెరా దించి, తర్వాతి ఫొటోకు ఫిల్ము జరిపే మీట తిప్పి ఉంచుకునేదాన్ని.

రీలుకు ముప్ఫై ఆరు ఫొటోలు. లెక్క చూపించే గుర్తు అక్కడికి వచ్చింది. ఒకటో రెండో ఎక్కువ రావడం మామూలే. కానీ ఫిల్ము అయిపోతే బిగుసుకుపోవాల్సిన మీట ఇంకా సుళువుగా తిరుగుతోంది. ఇంకొకటి తీశాను, ఇంకా తిరిగింది. మరొకటి తీశాను. లోపల అసలు ఫిల్ము ఉందా అని అప్పుడు అనుమానం వచ్చింది. సరిగ్గా అప్పుడే విరామం ఇచ్చారు. నేను పరుగెత్తుకుంటూ అత్త దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ టీ తాగుతోంది. తాపీగా కప్పు కింద పెట్టి, కెమెరా వెనక మూత తెరిచి చూపించింది. లోపల ఏమీ లేదు. ఫిల్ము ఆవిడ చేతిసంచిలో ఉంది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నలుగురిలో ఉన్నామని కూడా చూడకుండా ఏడ్చాను. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏమేం తీశావో వరసగా చెప్పు అంది. ఉక్రోషం కొద్దీ అన్నీ చెప్పాను. దాదా తల, దాదా మోకాళ్ళు, గిటారు, మళ్ళీ దాదా. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. పక్కింటి అన్న అందులో ఒక్కచోట కూడా లేడు.

"నేనూ ఇన్నేళ్ళూ అక్కడే నిలబడి అవే తీసినాను," అంది అత్త. "ఫిల్ము ఉండుంటే నువ్వూ మురిసిపోయి ఇంటికొచ్చేసుందువు. మరి నువ్వు కెమెరా దించేసినప్పుడు ఏటి జరిగింది?"

వీపులు తిప్పారు, అంతే కదా అన్నాను. ఎందుకు తిప్పారు అంది. నాకు తెలుసు. ప్రతి పాటా తెలిసిన దాన్ని, అది తెలియదా? పాట అందరూ ఒక్కసారే ఆపాలంటే డ్రమ్ములు వాయించేవాడి వైపు చూడాలి. అతను రెండు కర్రలూ పైకెత్తి ఒక్క క్షణం అలాగే ఉంచుతాడు. అవి దిగితేనే పాట ఆగుతుంది. అతన్ని చూడ్డానికి దాదా పక్కకు జరుగుతాడు. జరిగితే, ఆ పెద్ద లైటు నేరుగా అన్న మొహం మీద పడుతుంది. నేను కెమెరా దించేసి పోగొట్టుకున్నది సరిగ్గా ఆ ఫొటోనే.

అత్త చేతిసంచి తెరిచింది. ఫిల్ము నా చేతిలో పెట్టింది. నా చేత్తోనే వేసుకున్నాను. మీట తిప్పితే ఎడమ పక్కనున్న చిన్న బొడిపె కూడా కదులుతోందో లేదో చూసుకున్నాను. అది కదిలితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్టు. ఆ రోజు తర్వాత ఏ కెమెరా పట్టుకున్నా ముందు దాన్నే చూశాను.

ఈసారి ఎదురుగా నిలబడలేదు. స్టేజీ పక్క మెట్ల దగ్గరికి వెళ్ళి, పైకి రావచ్చా అని దాదాను అడిగాను. అతను నా జడలూ మెడలోని కెమెరా చూసి నవ్వి, "ఠీక్ ఆఛే, ఎశో," అన్నాడు, సరే రమ్మని. పక్క తెర దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి నలుగురూ కనిపిస్తున్నారు. మొదటి పాట చివర్లో గిటారు అడ్డొచ్చింది. తర్వాతి పాటకు రెండడుగులు ముందుకు జరిగాను. ఇంకో పాటకు కెమెరా కదిలిపోయింది. మోచేతులు డొక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టడం అత్త ఎప్పుడో నేర్పింది, అప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో దాదా ఎన్ని గంతులు వేసినా నేను నొక్కలేదు.

ఆఖరి పాట. అన్నకు కూడా అది ఆఖరుదని తెలుసు. కర్రలు పైకెత్తి మామూలుకన్నా ఎక్కువసేపు ఉంచాడు. ముగ్గురూ అతని వైపే తిరిగి ఆగారు. హాలంతా ఆగింది. నేను నొక్కాను. కెమెరాలో కన్ను పెట్టి తీసేవాళ్ళకు ఫొటో పడే ఆ లిప్తపాటు చీకటే కనపడుతుంది. కర్రలు పైన ఉన్నప్పుడు నాకు చీకటి వచ్చింది, వెలుగు వచ్చేసరికి కర్రలు దిగుతున్నాయి. ఫొటో వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. అత్త దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను, ఆవిడ కూడా నమ్మింది.

ప్రింటు చేతికొచ్చేసరికి అన్న చక్రధర్‌పూర్‌లో చేరి వారం అయింది. నేనూ అత్తా ఖరిదా బజారుకు పట్టుకెళ్ళాం. పిన్ని కారం కొలిచిన చేతులు కొంగుకు తుడుచుకుని ఫొటో అందుకుంది. చాలాసేపు చూసింది. అన్న మొహం మొత్తం వెలుగులో ఉంది. కళ్ళు మూసుకుని, ఎత్తిన చేతుల మధ్య నవ్వుతున్నాడు.

"మిగతా ముగ్గురూ ఆడి వైపే సూస్తన్నారేటి పాపా?" అని అడిగింది.

అతను ఆపమంటేనే వాళ్ళు ఆపాలని చెప్పాను.

"అలాగేటి," అంది పిన్ని. మళ్ళీ ఫొటో వైపు చూసింది. "ఇన్నేళ్ళూ నేను ఆపరా ఆపరా అని అరిసినాను. ఇంతమందిని ఆపీవోడని నాకెవురు సెప్పినారు?"

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. తూకం కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురిని పిలిచి మరీ చూపించింది. ఆ కొట్టు ముందు నిలబడ్డప్పుడు కలిగినంత సంతోషం నాకు తర్వాత ఏ ఫొటోకూ కలగలేదు.

ఆ తర్వాత కలకత్తాలో, ఇంకా ఎన్నో ఊళ్ళలో కచేరీలకు వెళ్ళాను. ఇప్పుడు నాకూ తల నెరిసింది, చుట్టూ ఉన్న పిల్లలు చేతుల్లో ఫోన్లు ఎత్తుకుని నన్ను బామ్మా జరగండి అంటారు. జరుగుతాను. జరిగి పక్క మెట్ల వైపు చేరతాను. మొదటి పాట అయ్యేదాకా కెమెరా ఎత్తను, స్టేజీ మీద ఎవరు ఎవరి వైపు తిరుగుతున్నారో చూస్తాను. వెనకాల చీకట్లో కూర్చున్నవాడికి కూడా, వాడేడని అడిగే మనిషి ఇంట్లో ఒకరు ఉంటారు. ఆ మనిషి అడగక ముందే వాడి ఫొటో తీసి ఉంచుతాను.