దేవుడు వినకుండా వదిలేసిన నా ప్రార్థన

సహోదరీ సహోదరులారా, మీకందరికీ ప్రభువు పేరట వందనాలు. సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ ఎన్నోసార్లు పిలిచినా తలనొప్పి అనో, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చాననో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. సాక్ష్యమంటే చివర్లో అందరూ చప్పట్లు కొట్టే కథ అని మనకు అలవాటైపోయింది, నా దగ్గర ఉన్నది అలాంటిది కాదు. నాది చేదు సాక్ష్యం. కొంచెం ఓపిక పట్టి వినండి, ప్రభువు చేసిన మేలు కూడా ఈ చేదులోనే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను, నా పేరు రాజమణి, గోడాదరాలో మూలమీద నీలం టార్పాలిన్ కట్టిన సైకిల్ షాపు మాదే. మా ఆయన పేరు కనకయ్య. ఆయన ఈ మందిరానికి రాడు, మీరంతా ఎరిగిన సంగతే. "నీ ప్రభువు నీకు, నా మార్కండేయుడు నాకు, ఇద్దర్నీ కొట్లాడనియ్యకు" అని నవ్వేవాడు, అయినా ఆదివారం నేను బయల్దేరే వేళకు పిల్లలకు తలలు దువ్వి పంపించేది ఆయనే. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ జోల్వా కార్ఖానాలో మరమగ్గాలు నడిపాడు. ఆ రొదలో చెవులు సగం పోయాయి, దూదిపొట్టుకు దగ్గు పట్టుకుంది. అప్పుడు కార్ఖానా మానేసి, చిన్నప్పుడు మేనమామ దగ్గర నేర్చుకున్న సైకిల్ పని మొదలుపెట్టాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆయన చక్రాన్ని వేళ్లతో చూసేవాడు. సైకిల్ రాగానే తలకిందులుగా తిప్పి సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టి, చక్రాన్ని తిప్పి రెండు వేళ్లు అలా ఆనించేవాడు, ఎక్కడ వంకర ఉందో, ఏ స్పోకు పుల్ల వదులైందో ఆ వేళ్లకు తెలిసిపోయేది. ఆ షాపు మీదే మా ఇల్లు నడిచింది, నేను ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించేదాన్ని, లేమి ఉన్నా మా బతుకులో ఏడుపు లేదు.

తర్వాత బ్యాటరీ సైకిళ్లు వచ్చాయి సహోదరులారా! రింగ్ రోడ్ మార్కెట్లలో పార్సిళ్లు మోసే కుర్రాళ్లంతా అవే కొన్నారు, మా గల్లీలోకి కూడా వచ్చేశాయి. మా ఆయన వాటిని చూసి భయపడలేదు, తప్పించుకోనూ లేదు. ఎవరైనా నేర్పిస్తే నేర్చుకుంటానన్నాడు. నిజంగా నేర్పించేవాళ్లు వచ్చారు కూడా. సైకిల్ మెకానిక్కులకు బ్యాటరీ సైకిళ్ల రిపేరు ఉచితంగా నేర్పుతాం, మీ మనుషుల పేర్లు ఇవ్వండి అని ఆ క్లాసు నడిపేవాళ్లు బస్తీలో ఉన్న సంఘాలన్నిటినీ అడిగినట్టే మన మందిరాన్నీ అడిగారు. పేర్లు పంపే పని మన సంఘపెద్దల్లో ఒకాయన చేతికి వచ్చింది. ఆయన పేరు నేను చెప్పను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లు పక్కవాళ్లను గిచ్చి అడగొద్దు.

నేను ఆయన దగ్గరికి వెళ్లి చెప్పులు విప్పి నిలబడి అడిగాను, అన్నా, మా ఆయన పేరు రాయించండి, చేతిపని తెలిసినవాడు, చప్పున పట్టుకుంటాడు అని. ఆయన బైబిల్ మూసి, చాలా మెత్తగా అన్నాడు.

"ఆయన మందిరానికి రాడు కద చెల్లె. ముందుగాల మనోళ్లది కానియ్యి. ఆయన గిట్ల వచ్చినప్పుడు జూద్దాం."

తిట్టి పంపినా బాగుండేది, ఆ మెత్తటి మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. ఆ చోటు ఆయన అల్లుడికి వెళ్లింది. అల్లుడికీ సైకిల్ షాపే ఉంది, కాదనను, రింగ్ రోడ్ వెనక గల్లీలో.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే నవ్వి, "పోనియ్యే, సైకిల్ సైకిలే గద, దానికేమన్న కొమ్ములున్నయా?" అన్నాడు. దానికి కొమ్ములున్నాయి సహోదరులారా! కొన్నాళ్లకు ఒక పార్సిల్ కుర్రాడు వెనక చక్రం పంక్చరైందని బ్యాటరీ సైకిల్ తెచ్చి, తాళంచెవి దానికే వదిలేసి, చాయ్ తాగొస్తానని వెళ్లాడు. మా ఆయన ఇన్నేళ్లుగా ఏం చేశాడో అదే చేశాడు. సైకిల్ మెకానిక్ అన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. దాన్ని తలకిందులుగా తిప్పి నిలబెట్టాడు. టైరు ఒక పక్క ఊడదీసి ట్యూబు లాగి, ముల్లు ఎక్కడుందో చూడడానికి లోపల వేళ్లు పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. హ్యాండిల్‌కున్న రేసు పిడి, అంటే తిప్పితే బండి పరుగెత్తే పిడి, నేలకు ఆని ఉంది, బండి బరువంతా దాని మీదే ఉంది, ఆయన కొంచెం కదిలించగానే అది తిరిగింది. ఇంజన్ బండైతే శబ్దమైనా ఉంటుంది, దీనికి అదీ లేదు, ఉన్నా ఆ చెవులకు వినపడేది కాదు. చక్రం ఒక్కసారిగా లేచి తిరిగి ఆయన వేళ్లను లాక్కెళ్లి ఇనుప కడ్డీకి కొట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు. ఆస్పత్రిలో రెండూ తీసేశారు. ఆయన చక్రాన్ని చూసే వేళ్లే అవి!

అక్కడి నుంచి నా చీకటి మొదలైంది. మా ఆయన షాపు తెరవడం మానేశాడు. ఈ రాష్ట్రంలో మందు నిషేధం కదా అంటారు ఊళ్లో చుట్టాలు, నిషేధమున్నా ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మే పొట్లీ సారా మా గల్లీ చివరే దొరుకుతుంది. ఇంతకుముందు వాసన కూడా చూడనివాడు పొద్దున్నే అది తాగి, కుడిచెయ్యి లుంగీలో దాచుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పిల్లలు పిలిస్తే పలకడు. ఒకసారి మాత్రం నా వైపు తిరిగి, "నా చెవులు మగ్గం తిన్నది, వేళ్లు సైకిల్ తిన్నది, ఇగ నేనెందుకే?" అన్నాడు. ఈయన చచ్చిపోతాడేమో అని బయటికి వెళ్తే భయం, ఇంటికొస్తే భయం.

మీరంతా వచ్చారు. రాలేదని నేననను. పళ్లు తెచ్చారు, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు, ఆ సంఘపెద్ద కూడా వచ్చి అందరికంటే గట్టిగా, కళ్లు తుడుచుకుంటూ ప్రార్థించాడు. ఇందులో దేవుని చిత్తం ఏముందో అన్నాడు. దేవుని చిత్తమట! పేరు పంపనిది దేవుడా? ఆరోజు నుంచి నేను మందిరానికి వస్తూనే ఉన్నాను, పాటలు పాడుతూనే ఉన్నాను, కానీ ప్రభువు నేర్పిన ప్రార్థనలో మా మీద తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టు అనే మాట దగ్గరికి రాగానే నోరు మూసుకుని, ఆ మాట దాటాక మళ్లీ మీతో కలిసేదాన్ని. ఎవరూ గమనించలేదు. గమనించినా ఏడుపు అనుకుని ఉంటారు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు వేరే ప్రార్థన చేసేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ప్రార్థన ఇది: "ప్రభువా, నువ్వు న్యాయవంతుడివైతే, ఆ ఇంట్లో కూడా ఒక చెయ్యి పోవాలి. మా ఆయన చెయ్యి ఎట్ల పోయిందో అట్లనే పోవాలి. నాకు నా కండ్లతోని చూపియ్యి." అన్నం వండుతూ, స్టోన్లు అతికిస్తూ ఇదే. ఉపవాసమున్నప్పుడు కూడా ఇదే అడిగాను! ఆ మాట తప్ప నా లోపల ఇంకేమీ మిగల్లేదు. పిల్లలు నా ముఖం చూసి దగ్గరికి రావడం మానేశారు, ఇంట్లో ఒకరం సారాతో పోతుంటే ఇంకొకరం ద్వేషంతో పోతున్నాం.

మళ్లీ క్లాసు పెడుతున్నారని తెలిసింది. ఈసారి ఎవరి దగ్గరా చెప్పులు విప్పలేదు, నేనే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. నేర్పే మాస్టర్ హిందీవాడు. మెకానిక్ ఎవరని అడిగితే, "మేరా ఆద్మీ. ఉస్‌కా హాథ్ ఖరాబ్ హో గయా, ఇస్లియే మైఁ ఆయీ" అన్నాను, మా ఆయనే, చెయ్యి పాడైంది, అందుకే నేనొచ్చాను అని. వెనక మగవాళ్లు నవ్వారు. మాస్టర్ నవ్వకుండా లోపలికి రమ్మన్నాడు. ఆయన్ని కూడా ప్రభువు దీవించును గాక.

మొదటి రోజు మొదటి మాట ఏమిటో తెలుసా? ఒక బ్యాటరీ సైకిల్‌ని కొక్కేలున్న స్టాండుకు వేలాడదీసి, దాన్ని చూపించి మాస్టర్ అన్నాడు: "ఇస్‌కో కభీ ఉల్టా మత్ కరనా. పెహలే చాబీ, ఫిర్ బ్యాటరీ, ఫిర్ హాథ్." దీన్ని ఎప్పుడూ తలకిందులు చేయొద్దు, ముందు తాళంచెవి తియ్యి, తర్వాత బ్యాటరీ తియ్యి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. అంతే సహోదరులారా! వైర్లు కాదు, మీటర్లు కాదు, అర్థం కాని లెక్కలు కాదు, చాయ్ తాగేంతసేపు కూడా పట్టని ఆ ఒక్క మాట మా ఆయన విని ఉంటే ఆయన వేళ్లు ఆయనకుండేవి. నేను బయటికొచ్చి కుళాయి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆరోజు ఇంటికెళ్లి నా ప్రార్థన ఇంకా గట్టిగా చేశాను.

పని మాత్రం నేర్చుకున్నాను. స్టోన్లు అతికించిన వేళ్లు కాబట్టి సన్న వైర్ల ప్లగ్గులు నాకు కష్టం కాలేదు. చక్రం వంకర సరిచేయడం మాత్రం రాలేదు. అది మా ఆయన్నే అడగాల్సి వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి పక్కన చక్రం పెట్టి అడిగాను. చివరికి లేచి ఎడమచెయ్యి ఆనించి, "ఈడ వదులున్నది, గింత కూడ తెల్వదా?" అని కసిరాడు. ఆ కసురు వినడానికి నేనెన్ని నెలలు కాచుకున్నానో! దేవా, నీకు స్తోత్రం!

తర్వాత టార్పాలిన్ మళ్లీ కట్టాను. ఒక రోజు మధ్యాహ్నం ట్యూబులు కొనడానికి రింగ్ రోడ్ వెనక గల్లీకి వెళ్లాను, ఆ అల్లుడి షాపు ముందు నుంచే దారి. అతను బ్యాటరీ సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి కూర్చున్నాడు! మా ఆయనకు దక్కని చోటులో కూర్చుని ఆ మొదటి మాట విన్నవాడే, చేతులకు మాత్రం పాత అలవాటు పోలేదు. తాళంచెవి దానికే ఉంది. వేళ్లు టైరులో ఉన్నాయి. మెడ వంచి ముల్లు వెతుకుతూ, రెండో చేత్తో బండిని జరుపుకుంటున్నాడు.

నేనడిగింది అడిగినట్టే, నా కళ్ల ముందే! నేను చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే దారిన పోతే చాలు.

నేను ఆలోచించి మంచి పని చేశానని చెప్తే అబద్ధమాడినదాన్నవుతాను. ఆలోచించే టైమే ఉంటే ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ భయమే. సంచీ ఎక్కడ పడేశానో తెలియదు, వెళ్లి అతని భుజాలు రెండూ పట్టి తోసేశాను, అతను వెళ్లి పంక్చర్ నీళ్ల తొట్టిలో పడ్డాడు. "పిచ్చిలేసిందా అక్కా నీకు!" అని అరుస్తుండగానే, ఆ తోపుకు బండి కదిలి చక్రం లేచి గిర్రున తిరిగింది. మా ఇద్దరి మధ్య అది తిరుగుతూనే ఉంది. అతను తన వేళ్లు చూసుకున్నాడు. నేను తాళంచెవి తిప్పి తీసి, బ్యాటరీ లాగి అతని ముందు పెట్టి, ఆ షాపు మెట్టు మీదే కూలబడ్డాను.

అక్కడ కూర్చుని చేసిన ప్రార్థన కూడా చెప్తాను: "ప్రభువా, ఇన్నాళ్లు నేనడిగింది నువ్వు వినలేదు, నీకు దండం పెడుత. ఇగ ముందు కూడ నా అసొంటి మాటలు వినకు." అంతే. అప్పుడు నా గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది, నేను చాలాసేపు ఏడ్చాను, ఆ ఏడుపులో మంట లేదు. నాకు విడుదల అక్కడ, ఆ మురికి నీళ్ల పక్కన దొరికింది. దేవునికే మహిమ కలుగును గాక!

మీలో చాలామంది ప్రార్థన విన్నందుకు దేవునికి స్తోత్రం చెప్తారు. నేను విననందుకు చెప్తున్నాను.

ఇక అంతా బాగైపోయిందని అనుకోకండి. వేళ్లు రావు. మా ఆయన షాపులో నా పక్కన కూర్చుంటున్నాడు, పుల్లలు ఆయన చెప్తే నేను బిగిస్తున్నాను, తాగుడు చాలా తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను, వాసన మీకే తెలుస్తుంది. ఆ అల్లుడు నాకు థాంక్స్ చెప్పలేదు, మామకు ఆ సంగతి చెప్పాడో లేదో కూడా నాకు తెలియదు. ఆ సంఘపెద్ద అన్న ఇప్పటిదాకా నాతో ఒక్క మాట అనలేదు. ఆయన్ని ప్రేమిస్తున్నానని చెప్పడానికి నాకింకా నోరు రావడం లేదు, ప్రభువు ఆ పని కూడా చేయాలి. కానీ గత ఆదివారం ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆ మాట దగ్గర నేను నోరు మూయలేదు. మీ అందరితో కలిసి ఆ మాట కూడా అన్నాను.

ఎవరి మీదైనా పళ్లు కొరుకుతూ మోకాళ్లూనుతున్నవాళ్లు ఇక్కడుంటే వినండి. ప్రభువును నమ్మండి. మీరడిగినదానికంటే ఆయన మంచివాడు, మీ నోటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ చేసేసే దేవుడు కాడు.

ఇంకొక్క మాట. క్లాసు మళ్లీ మొదలవుతోంది, మెకానిక్కుల్ని నువ్వే పిలుచుకొని రా అని మాస్టర్ ఈసారి నాతో అన్నాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడతాను. మీ గల్లీలో సైకిల్ పనిచేసేవాళ్లెవరున్నా చెప్పండి. ఏ మందిరం, ఏ గుడి, ఏ మసీదు అని నేనడగను.

అన్నా, మొదటి పేరు మీరే చెప్పాలి. ఈ మందిరం మెట్టెక్కనివాడి పేరు చెప్పండి.