మహల్లాలో నేను పూడ్పించిన కన్నం

2000 మార్చిలో నన్ను సింగపూర్‌లో మిడిల్ రోడ్ వెనకున్న ఒక పాత మూడంతస్తుల భవనం కండిషన్ సర్వేకి వేశారు. అప్పుడు నేనొక కన్సల్టెన్సీలో అసిస్టెంట్ ఇంజనీరుని. క్లెమెంటిలో ముగ్గురం తెలుగువాళ్లం ఒక ఫ్లాట్ పంచుకుని ఉండేవాళ్లం. మిగతా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. "ఇంకా సిమెంటు పిసుకుతున్నావా గురూ?" అని రోజూ ఏడిపించేవారు. నా ఖర్మ, ఆ భవనాన్ని అద్దెకు తీసుకున్నదీ సాఫ్ట్‌వేర్ కంపెనీయే. జూన్‌కల్లా కంప్యూటర్లు పెట్టేయాలని వాళ్ల తొందర.

ఆ చుట్టుపక్కల వీధుల్ని పాతవాళ్లు మహల్లా అనేవారు. బాగ్దాద్ నుంచి బొంబాయి, కలకత్తాల మీదుగా వచ్చిన యూదు కుటుంబాలు ఒకప్పుడు అక్కడ ఉండేవి. డబ్బు చేసినవాళ్లు మంచి పేటలకు, మరికొందరు ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు వెళ్లిపోయారు. నేను చూసేనాటికి గోడల మీద ఆరు కోణాల నక్షత్రాలు, వాటి మీద నాచు, చూరు పగుళ్లలో రావి మొక్కలు మిగిలాయి. మెట్లెక్కడానికి పట్టపగలే టార్చి కావాల్సి వచ్చేది. భోజనం వేళ ఆ సందులన్నీ తిరిగేవాణ్ణి. ఎంత తిరిగినా దిగులే తప్ప హాయి అనిపించలేదు.

కండిషన్ సర్వే పద్ధతి చెప్తాను. గదిలోకి వెళ్లగానే గుమ్మం దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో గోడ తర్వాత గోడ చూడాలి. ప్రతి లోపానికీ నంబరు, ఫోటో, గ్రేడు. 'ఎ' అంటే రాసుకుని వదిలేయడం, 'బి' అంటే మరమ్మతు, 'సి' అంటే తక్షణం. ఆఖరి గడిలో చేయవలసిన పని రాయాలి. ఆ జాబితానే కాంట్రాక్టరుకు ఆర్డరు. అందులో ఉన్నది చేస్తారు, లేనిది ముట్టుకోరు.

రెండో అంతస్తులో ఒక్క గదిలోనే మనిషి కాపురం ఉంటోంది. ఫ్లోరా ఆంటీ, డెబ్బై దాటిన యూదు ముసలావిడ. నేను వెళ్లిన రోజు ఆవిడ మణికట్టు విరిగి ఆస్పత్రిలో ఉంది. యజమాని మనిషి మారుతాళంతో తెరిచాడు. కుడివైపు ద్వారబంధంలో, భుజం ఎత్తున, వేలెడు నిలువు కన్నం. లోపల చుట్టిన కాగితం లాంటిదేదో. పాత కాలింగ్ బెల్ వైరు పీకేసి కాగితం కుక్కారనుకున్నాను. గ్రేడు 'బి', ఎపాక్సీ పుట్టీతో పూడ్చి రంగు వేయాలి అని రాశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

ఏప్రిల్ చివర్లో, జాబితాలోని పుట్టీ, రంగు పనులు అయిపోయాక, ఆంటీ గది ఖాళీ చేయడానికి వచ్చింది. వెంట వాళ్ల ప్రార్థనా మందిరం నుంచి ఒక పెద్దాయన. ఊరి చివర చోవా చూ కాంగ్‌లో ఆవిడకు ఒంటిగది ఫ్లాట్ దొరికింది. మంచం, బీరువా ఎవరికో ఇచ్చేసింది. గుమ్మంలో ఉన్నది మాత్రం తనతో తీసుకెళ్లి కొత్త తలుపుకు పెట్టుకోవాలి. ఆవిడ చిన్నప్పుడు తండ్రి పెట్టినది. తోలు మీద చేత్తో రాసిన వాళ్ల వేద వాక్యాలు. వస్తూ పోతూ దాన్ని వేళ్లతో తాకి ముద్దుపెట్టుకోవడం వాళ్ల ఆచారం. ఇదంతా ఆ పెద్దాయన నాకు నెమ్మదిగా చెప్పాడు. అప్పటికే ఆంటీ చెయ్యి నున్నటి రంగు మీద తడుముతోంది. అయ్యో, ఎంత పని చేశానురా అనుకున్నాను.

కాంట్రాక్టరు దగ్గరి ఫోర్‌మన్ అప్పన్న ఉలి తెచ్చాడు. ఆయనది తాతలనాడు విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎపాక్సీ గట్టిపడ్డాక రాయే. చెక్కతో సహా ఊడి వచ్చింది, అందులో తోలు ముక్కలు ముక్కలు. ఒక్క అక్షరం చెడినా అది పనికిరాదని, శ్మశానంలో పాతిపెట్టాల్సిందేనని చెప్పి పెద్దాయన రుమాల్లో ఏరుకున్నాడు. ఆంటీ నన్ను తిట్టలేదు. "యూ నెవర్ ఆస్క్, ఆ?" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

వాళ్లు వెళ్లాక అప్పన్న మీద విరుచుకుపడ్డాను, అదేమిటో తెలియకుండా ఎలా పూడ్చావని. ఆయన ఉలి తుడుచుకుంటూ, "తెలియకేం సార్? నేను ఈ జలాన్‌లోనే, ఈ వీధిలోనే పుట్టా. ప్రతి యూదు గుమ్మానికీ అదుండేది. మీరు ఇంజనీరు గదా, రాశారంటే ఆంటీని అడిగే రాసుంటారనుకున్నా" అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనంలోకి దిగకముందే మూతపడింది. మేం వేసిన రంగు మీద మళ్లీ నాచు పట్టింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఇంట్లో మనిషి లేకుండా ఏ ఇంటి జాబితానూ పూర్తి చేయలేదు. ఆలస్యమైందని పైవాళ్లతో చివాట్లు తిన్నాను. నా కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లకు చెప్పింది కూడా ఇదొక్కటే. మన సంతకం చూశాక కిందవాళ్లు ఇంకెవరినీ అడగరు. కనుక మనమే అడగాలి. అడగడానికి మనిషి లేకపోతే ఆఖరి గడి ఖాళీగా వదిలి రావాలి.